తట్ట చేతులు మారని కార్ఖానా
పత్తి చేను నుంచి నూలు కండె దాకా - మనిషి ఎక్కడ తప్పుకున్నాడు, ఎక్కడ మిగిలాడు

జఫర్‌గఢ్ : ఊళ్ళో ఎవరింటికైనా స్లాబు పోసే రోజున కాసేపు నిలబడి చూస్తే పెద్ద కార్ఖానా లోపలి సంగతి సగం అర్థమవుతుంది. కింద ఇద్దరు మాలు కలుపుతారు. ఒకరు తట్ట నింపుతారు. నిచ్చెన పొడుగునా నిలబడ్డ వాళ్ళు తట్టను ఒక చేతి నుంచి మరో చేతికి అందిస్తారు. పైన మేస్త్రీ పోయించుకుంటాడు. ఖాళీ తట్ట కిందకు జారుతుంది. వరుసలో ఒక్కరు చేయి ఆపితే చాలు, కింద తట్టలు పేరుకుంటాయి, పైన మేస్త్రీ ఖాళీగా కూర్చుంటాడు. పది మంది చురుకైన వాళ్ళున్నా పని సాగేది అందరికన్నా నెమ్మదైన మనిషి వేగంతోనే.

ఇప్పుడు ఆ వరుస కూడా కనుమరుగవుతోంది. మిల్లరుకే లిఫ్టు తగిలించి తెస్తున్నారు. డబ్బా తనంతట తాను పైకి పోతుంది, దిమ్మరించి కిందకు వస్తుంది. నిచ్చెన మీద నిలబడే చేతులకు పని లేదు. యజమానికి ఖర్చు తగ్గింది, పొద్దు గూకకముందే పని ముగుస్తోంది. వరుసలో నిలబడే కూలీకి మాత్రం ఆ రోజు కూలి పోయింది.

పెద్ద కార్ఖానాల్లో వందేళ్ళకు పైగా జరుగుతున్నది ఇదే. వస్తువును తయారు చేయడం ఒక పని. దాన్ని ఒక యంత్రం దగ్గర నుంచి మరో యంత్రం దగ్గరకు చేర్చడం ఇంకో పని. చూసేవారికి మొదటిదే పెద్ద పనిగా కనిపిస్తుంది. కానీ చాలా కార్ఖానాల్లో ఎక్కువ పొద్దు, ఎక్కువ చేతులు పట్టేది రెండోదానికే. ఆ మోత పనిని కూడా యంత్రానికే అప్పగిస్తే దాన్ని స్వయంచాలక ఉత్పత్తి వరుస అంటారు. కార్ఖానా భాషలో ఆటోమేటిక్ లైను.

జఫర్‌గఢ్ మండలంలోని ఉప్పుగల్లు, కూనూరు, కోనాయిచలం, తమ్మడపల్లి రైతులకు ఇది ఎక్కడో పట్నంలో జరిగే సంగతి అనిపించవచ్చు. కానీ ఈ మండలంలో పండే పత్తి చేను దాటగానే అలాంటి వరుసలోకే పోతుంది. ఆ వరుస ఎలా నడుస్తుందో తెలిస్తే మార్కెట్లో ధర ఎందుకు కోత పడుతుందో తెలుస్తుంది. ఐ.టి.ఐ.లో చేరే పిల్లవాడికి ఏ విద్య పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

గింజ వేరు, దూది వేరు

చేనులో ఏరిన పత్తిలో దూది మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలినది గింజ. క్వింటాలు పత్తి ఆడిస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది. మన దేశంలో ఒక బేలు దూది బరువు 170 కిలోలు. అంటే అయిదు క్వింటాళ్ళ పత్తి ఒక బేలు అవుతుంది. మంచి చేనైతే ఎకరా పంట దాదాపు ఒకటిన్నర బేలు.

పూర్వపు జిన్నింగ్ మిల్లుల్లో పత్తి కుప్ప దగ్గర నుంచి యంత్రం దాకా గంపలతో మోసేవారు. ఎక్కువగా ఆడవాళ్ళే. యంత్రం నోట్లో చేత్తోనే వేసేవారు. దూది ఒక పక్క, గింజ ఒక పక్క పడితే మళ్ళీ గంపలకు ఎత్తి ప్రెస్సు దగ్గరకు చేర్చేవారు. ఆ గదిలో దుమ్ము పొగలా కమ్ముకునేది. నేల మీద రాలిన ఆకు, పుల్ల, వెంట్రుక అన్నీ దూదిలో కలిసేవి.

2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం పత్తి మీద టెక్నాలజీ మిషన్ ప్రారంభించింది. దాని కింద దేశంలో అనేక జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు కొత్త యంత్రాలు పెట్టుకున్నాయి. అలా మారిన మిల్లులో పత్తి కుప్ప మీదికి ఒక పెద్ద గొట్టం వస్తుంది. గాలి పీల్చే శక్తితో అది పత్తిని లోపలికి లాగుతుంది. బరువైన రాయి, ఇనుప ముక్క దారిలోనే కింద పడిపోతాయి. తేలికైన పత్తి ముందుకు పోతుంది. అక్కడ నుంచి బెల్టు ఒక్కొక్క జిన్నుకు కావలసినంత పంచుతుంది. దూది గాలి గొట్టంలోనే ప్రెస్సుకు చేరుతుంది. గింజను మరో బెల్టు బయటకు తీసుకుపోతుంది. గంపకు పని లేదు.

ఆజంజాహి గుర్తు

వరంగల్ పేరు చెబితే ఆజంజాహి మిల్లు గుర్తుకు రాని వారు ఈ ప్రాంతపు పెద్దవాళ్ళలో తక్కువ. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1934లో ఈ మిల్లు వచ్చింది. యువరాజు ఆజంజా పేరు పెట్టారు. పత్తి పండే నేల పక్కనే నూలు వడకడం, బట్ట నేయడం అప్పట్లో ఈ ప్రాంతానికి పెద్ద విషయం. 1974లో దేశంలోని నష్టాల మిల్లులను కేంద్రం జాతీయం చేసిన తరువాత ఇది నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కింద నడిచింది. 2002లో మూతపడింది.

ఆ తరం మిల్లు ఎలా నడిచేదో చూస్తే ఇప్పటి మిల్లులో వచ్చిన మార్పు తెలుస్తుంది. అప్పటి మిల్లులన్నీ మనుషుల మిల్లులే. బేలు తాళ్ళు కోసి దూదిని చేత్తో విడదీసి పొరలు పొరలుగా పరిచేవారు. యంత్రం దాన్ని చాపలాగా చుట్ట చుట్టి ఇచ్చేది. బరువైన ఆ చుట్టను ఇద్దరు మోసుకుపోయి దూదేకే యంత్రానికి ఎక్కించేవారు. ఏకులు నిండిన డబ్బాలను నెట్టుకుంటూ మరో యంత్రం దగ్గరకు చేర్చేవారు. కండెలు నిండగానే ఈల వేస్తే ఒక గుంపు పరుగెత్తి వచ్చి నిండు కండెలు పీకి ఖాళీ కండెలు తొడిగేది. ఆ పనికి చురుకైన చేతులు కావాలి. అందుకే ఒకప్పుడు ఇంగ్లండులో, అమెరికాలో ఆ పని చిన్న పిల్లల చేత చేయించారు. పిల్లల కోసం చట్టాలు రావడానికి అదీ ఒక కారణం.

ఇప్పటి మిల్లులో దూది ప్రయాణం

కొత్త నూలు మిల్లులో అడుగు పెట్టిన వారికి మొదట తోచేది మనుషులు ఏరీ అన్న ప్రశ్న. పొడవాటి హాలులో ఇరుపక్కలా బేళ్ళు వరుసగా పేర్చి ఉంటాయి. వాటి మీదుగా పట్టాల మీద ఒక యంత్రం నెమ్మదిగా పోతూ వస్తూ ఉంటుంది. పళ్ళున్న రోలర్లతో ఒక్కో బేలు పైన పల్చగా గీరి కొద్దికొద్దిగా దూది తీస్తుంది. వరుసలో పదుల కొద్దీ బేళ్ళున్నా అన్నిటి నుంచి సమంగా తీయడం వల్ల దూది బాగా కలుస్తుంది. ఒక ఊరి పత్తి పొడుగు, ఇంకో ఊరి పత్తి పొట్టి అన్న తేడా నూలులో కనిపించదు.

తీసిన దూది గాలి గొట్టాల్లో ఎగురుతూ శుభ్రం చేసే యంత్రాలకు, అక్కడ నుంచి దూదేకే యంత్రాలకు పోతుంది. చాప చుట్టడం, మోయడం అన్నవి లేవు. ప్రతి యంత్రం నెత్తిన ఒక గూడు ఉంటుంది. గూటిలో దూది తగ్గితే గొట్టం తలుపు తెరుచుకుంటుంది, నిండితే మూసుకుంటుంది.

దూదేకే యంత్రం నుంచి దూది మెత్తని తాడులాగా బయటకు వచ్చి డబ్బాలో చుట్టుకుంటుంది. రాట్నం వడికిన ఇళ్ళల్లో దీన్నే ఏకు అంటారు. ఆరు లేదా ఎనిమిది ఏకులను కలిపి ఒకటిగా సాగదీస్తారు. ఒకటి ఒకచోట సన్నంగా ఉంటే మరొకటి అక్కడ లావుగా ఉంటుంది కాబట్టి కలిపితే తేడా తగ్గుతుంది. తరువాత దాన్ని ఇంకా సన్నగా లాగి కొద్దిగా మెలివేసి పెద్ద కండెలకు చుడతారు. ఈ కండెలు పై కప్పుకు వేలాడే పట్టాల మీద వరుసగా నడుస్తూ వడికే యంత్రానికి చేరతాయి. మనిషి నెత్తిన మోయాల్సిన గంప నెత్తి పైన పట్టాకు ఎక్కిందన్నమాట.

వడికే యంత్రానికి రింగ్ ఫ్రేమ్ అని పేరు. రాట్నానికి కదురు ఒకటి. ఈ యంత్రానికి వెయ్యికి పైగా కదుళ్ళు. ఒక్కో కదురు నిమిషానికి 15 వేల నుంచి 20 వేల సార్లు తిరుగుతుంది. కండెలు నిండగానే యంత్రం ఆగుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక బద్దె లేచి నిండు కండెలన్నిటినీ ఒకేసారి పట్టుకుని పైకి తీస్తుంది. ఖాళీ వాటిని తొడుగుతుంది. కొద్ది నిమిషాల్లో మళ్ళీ కదుళ్ళు తిరుగుతాయి. నిండు కండెలు చిన్న మేకుల మీద నిలబడి పక్కనున్న చుట్టే యంత్రానికి తామే నడిచిపోతాయి. అక్కడ నూలులో లావు, సన్నం ఉన్న చోట్లను కన్నులాంటి పరికరం పట్టుకుని కోస్తుంది. కోసిన కొసలను ముడి వేయకుండా గాలి ఊది పెనవేస్తుంది. ముడి కనిపించదు.

ఈ మొత్తం దారిలో మనిషి చేయి ఇంకా తప్పనిసరిగా పడేది రింగ్ ఫ్రేమ్ దగ్గర. నూలు తెగితే కొసను వెతికి అతికించే పని చాలా మిల్లుల్లో ఇప్పటికీ మనిషిదే. ఆ పని కూడా చేసే రోబో యంత్రాలు విదేశాల్లో తయారయ్యాయి. కానీ కదురు దగ్గర మనిషి వేలికి ఉన్న ఒడుపు యంత్రానికి అంత సులభంగా రాదు.

వరుస పెరిగితే ఆపద పెరుగుతుంది

యంత్రాలను గొలుసుగా కలిపితే లాభమే కాదు, చిక్కూ ఉంది. లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక యంత్రం వంద నిమిషాల్లో ఒక్క నిమిషం మాత్రమే ఆగుతుందనుకుందాం. మంచి యంత్రమే. అలాంటివి పది వరుసగా కలిపి, మధ్యలో సరుకు ఆగే చోటు లేకుండా చేస్తే, వందలో పది నిమిషాల దాకా మొత్తం వరుస ఆగుతుంది. ఇరవై కలిపితే 18 నిమిషాలు. యాభై కలిపితే దాదాపు 40 నిమిషాలు. ఏ ఒక్కటి ఆగినా అన్నీ ఆగాల్సిందే కదా.

అందుకే ఇంజనీర్లు మధ్యమధ్య కొంత సరుకు నిల్వ ఉంచుతారు. మిల్లులో ఏకుల డబ్బాలు వరుసగా నిలబెట్టేది ఇందుకే. ముందు యంత్రం ఆగినా డబ్బాల్లో ఉన్నంతసేపు వెనుక యంత్రం నడుస్తుంది. బావిలో నీళ్ళు తక్కువైన రైతు రాత్రంతా తొట్టి నింపుకుని పొద్దున మడికి వదిలినట్టే. అయితే తొట్టి పెద్దదైతే చోటు, డబ్బు అక్కడే చిక్కుకుంటాయి. ఎంత నిల్వ ఉంచాలన్నది మిల్లు నడిపేవారికి రోజూ ఉండే తలనొప్పి.

రెండో సూత్రం స్లాబు దగ్గర చూసిందే. వరుస వేగాన్ని నిర్ణయించేది నెమ్మదైన యంత్రం. దాని వేగం పెంచకుండా మిగతావి ఎంత ఖరీదైనవి పెట్టినా డబ్బు వృథా. నెమ్మదైన చోట రెండు యంత్రాలు పెట్టడమో, అక్కడి పనిని రెండుగా పంచడమో చేయాలి.

గిర్ని నుంచి మోటారు దాకా

ఈ ఆలోచన పుట్టింది పిండి గిర్నిలో అంటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలో ఆలివర్ ఈవాన్స్ అనే ఆయన 1780ల్లో గోధుమ పిండి మర కట్టాడు. బెల్టుకు చిన్న చిన్న డబ్బాలు తగిలించి గోధుమలను పైకి ఎత్తించాడు. మర తిప్పే నీటి చక్రమే వాటినీ తిప్పింది. గోధుమలు ఒక చివర పోస్తే పిండి మరో చివర వచ్చేది. మధ్యలో ఎవరూ మోయనక్కర్లేదు. 1790లో ఆయనకు పేటెంటు దక్కింది. ఇప్పుడు మన రైసు మిల్లుల్లో వడ్లను పై అంతస్తుకు ఎత్తే డబ్బాల ఎలివేటరు ఆ తాత ముత్తాతల సంతతే.

1913లో హెన్రీ ఫోర్డు డెట్రాయిట్ దగ్గరి హైలాండ్ పార్క్ కార్ఖానాలో మోటారు బండి చట్రాన్ని కదిలే వరుస మీద పెట్టాడు. అంతకుముందు పనివాళ్ళు బండి దగ్గరకు వెళ్ళేవారు. ఇప్పుడు బండే పనివాళ్ళ దగ్గరకు వచ్చింది. చట్రం కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది మరుసటి ఏడాదికి గంటన్నరకు దిగింది. షికాగో మాంసపు కార్ఖానాల్లో కొక్కేలకు వేలాడే పశువులు ఒక్కో మనిషి ముందుకు వచ్చే పద్ధతి చూసి ఈ ఆలోచన వచ్చిందంటారు.

అయితే ఒకే బోల్టును పొద్దస్తమానం బిగించే పనిలో మనుషులు నిలవలేదు. చేరినవారు చేరినట్టే మానేశారు. 1914 జనవరిలో ఫోర్డు రోజు కూలిని అయిదు డాలర్లకు పెంచాడు. అంతకుముందు ఇచ్చేదానికి అది రెట్టింపు. పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. యంత్రం వేగానికి మనిషిని కట్టేస్తే దానికి ధర చెల్లించక తప్పదని ఆనాడే తేలింది.

1921లో అమెరికాలోని మిల్వాకీ పట్నంలో ఏ.ఓ. స్మిత్ కంపెనీ మరో అడుగు వేసింది. మోటారు చట్రాన్ని దాదాపు మనిషి చేయి పడకుండానే యంత్రాలు తయారు చేసేవి. కొద్ది సెకన్లకొక చట్రం బయటకు వచ్చేది. 1950ల మొదట్లో ఫోర్డు కంపెనీ క్లీవ్‌లాండ్‌లో ఇంజను తయారీకి ఇదే పద్ధతి తెచ్చింది. ఇంజను దిమ్మెను ఒక బల్లకు బిగిస్తారు. పొడవాటి ఇనుప కడ్డీ ఒకేసారి వెనక్కి, ముందుకు కదిలి వరుసలోని దిమ్మెలన్నిటినీ ఒక్కో అడుగు ముందుకు తోస్తుంది. ఆగిన చోట ఒకటి రంధ్రం చేస్తుంది, ఇంకొకటి మర కోస్తుంది, మరొకటి రజను కడుగుతుంది. మళ్ళీ కడ్డీ కదులుతుంది. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కార్ఖానాలో మొదటి పారిశ్రామిక రోబో పనిలోకి దిగింది. కాలుతున్న లోహపు ముక్కలను అచ్చు నుంచి తీసి పెట్టడం దాని పని. మనిషి చేయి కాలే చోటనే అది మొదట అడుగు పెట్టింది.

తెలుగు నేల మీద

రోబోల వరుస చూడాలంటే ఇప్పుడు విదేశం పోనక్కర్లేదు. అనంతపురం ప్రాంతంలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా మోటారు కార్ల కార్ఖానా ఉంది. 2019 ఆగస్టు 8న సెల్టోస్ కారు అక్కడ నుంచి బయటకు వచ్చింది. 536 ఎకరాల్లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. రేకు ఒత్తే చోట, అతికే చోట, రంగు వేసే చోట, కూర్చే చోట కలిపి 450కి పైగా రోబోలతో మొదలైంది. కరువు నేలగా పేరుపడ్డ చోట అంత కార్ఖానా రావడం ఒక మలుపు. అయినా సీట్లు, తీగలు, లోపలి సామాను బిగించే చోట మనుషులు ఉన్నారు. వంగే తీగను, మెత్తటి సీటును ఇరుకులో దూర్చి బిగించడం యంత్రానికి కష్టం.

మన పొలాల్లో తిరిగే మహీంద్రా ట్రాక్టర్లలో కొన్ని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లోనే తయారవుతాయి. ట్రాక్టరు కూడా వరుస మీదే పుడుతుంది. మొదట గేరు పెట్టె, తరువాత ఇంజను, చివరకు చక్రాలు. చక్రాలు తగిలాక అది తన కాళ్ళ మీద తాను బయటకు వస్తుంది.

ఇంటికి దగ్గరగా చూస్తే కాజీపేట ఉంది. 1980ల మొదట్లో అక్కడికి వస్తుందని ఆశ పెట్టుకున్న కోచ్ ఫ్యాక్టరీ 1985లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. ఆ మాట ఈ ప్రాంతంలో ఒక తరం మరచిపోలేదు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. చివరకు 2023 జులై 8న ప్రధాని నరేంద్ర మోడీ కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. వ్యయం రూ. 500 కోట్లకు పైగా. వ్యాగన్లకు రోబోలతో రంగు వేయడం, సామగ్రిని నిల్వ చేసి చేరవేసే ఆధునిక ఏర్పాట్లు ఉంటాయని అప్పుడే ప్రకటించారు. రంగు గదిలో మనిషి పీల్చే విషపు గాలి తప్పుతుంది. రంగు పూత అంతటా ఒకే మందంగా పడుతుంది. అదే సమయంలో రంగు వేసే పనివాడి కొలువు అక్కడ వేరే రూపంలో ఉంటుంది. తుపాకీ పట్టుకునే చేయి కాదు, రోబోను నడిపే చేయి కావాలి.

కుట్టు దగ్గర ఆగిన యంత్రం

నూలు దాకా అంత సాఫీగా నడిచే యంత్రం చొక్కా దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. ఇనుము గట్టిగా ఉంటుంది, పెట్టిన చోటే ఉంటుంది. బట్ట అలా కాదు. పట్టుకుంటే జారుతుంది, ముడుచుకుంటుంది, సాగుతుంది. రెండు పొరలను అంచు కలిపి మిషను కిందకు పంపడం ఇంట్లో కుట్టే అమ్మాయికి సులభం, రోబోకు కష్టం. అందుకే దుస్తుల కార్ఖానాల్లో మోసే పని మాత్రమే యంత్రానికి పోయింది. పై పట్టాకు వేలాడే హ్యాంగరు చేతి ముక్కను, మెడ ముక్కను ఒక్కో మిషను దగ్గరకు తెచ్చి నిలుపుతుంది. కుట్టేది మనిషే. అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ.

వరంగల్ జిల్లా గీసుగొండ, సంగెం మండలాల్లో సుమారు 1200 ఎకరాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. కేరళకు చెందిన కిటెక్స్ కంపెనీ యూనిట్‌కు 2022 మే 7న, కొరియాకు చెందిన యంగ్‌వన్ యూనిట్‌కు 2023 జూన్ 17న పునాది వేశారు. ఈ నేలకు పత్తి ఎప్పుడూ ఉంది. బేలుగా పోయి ఎక్కడో బట్టగా మారి మళ్ళీ మన దుకాణాలకు వచ్చేది. చేను పక్కనే నూలు, నూలు పక్కనే బట్ట, బట్ట పక్కనే చొక్కా అన్నది పార్కు ఆలోచన. భూమి ఇచ్చిన ఏ ఊరైనా అడిగే మొదటి ప్రశ్న ఎన్ని ఉద్యోగాలు అని. దానికి జవాబు కార్ఖానా సైజులో లేదు, అందులో జరిగే పనిలో ఉంది. నూలు మిల్లు ఎంత పెద్దదైనా మనుషులు తక్కువ. కుట్టు మిల్లు చిన్నదైనా మనుషులు ఎక్కువ.

ఏ చేతికి పని

వరుస నడిచినంతసేపు కార్ఖానాలో పనివాడికి పెద్దగా పని కనబడదు. ఆగినప్పుడే అతని విలువ తెలుస్తుంది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది నిమిషాల్లో కనిపెట్టాలి. చిన్న దుమ్ము కన్నును మూసేసిందా, బెల్టు సాగిందా, బేరింగు వేడెక్కిందా, గాలి గొట్టం కారుతోందా అని చూసుకోవాలి. పూర్వం ఫిట్టరు, ఎలక్ట్రీషియను వేరు వేరు. ఇప్పుడు ఇనుము, కరెంటు, గాలి, కంప్యూటరు నాలుగూ కొంచెం కొంచెం తెలిసిన మనిషి కావాలి. మెకట్రానిక్స్ అన్న చదువు వచ్చింది ఇందుకే. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.కి పోయే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది. బరువు మోసే కండ కన్నా చప్పుడు వినే చెవి ఈ పనిలో అన్నం పెడుతుంది.

ప్రమాదం మాట కూడా మరువరాదు. వరుస ఆగింది కదా అని చేయి లోపల పెడితే, ఎక్కడో కన్ను తెరుచుకుని యంత్రం మళ్ళీ కదలవచ్చు. అందుకే కరెంటు తీసి, మీటకు తాళం వేసి, తాళపుచెవి తన జేబులో పెట్టుకున్నాకే చేయి పెట్టాలన్నది కార్ఖానాల్లో మొదటి పాఠం. పత్తి యంత్రాల దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టంలో పత్తి ప్రెస్సింగ్ కార్ఖానాలో దూది విడదీసే యంత్రం నడిచే చోట ఆడవాళ్ళను, పిల్లలను పెట్టరాదని ప్రత్యేకంగా 27వ సెక్షనే రాశారు. ఎన్ని చేతులు పోతే ఆ సెక్షను వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొంగు, చున్నీ, జడ, వదులు చొక్కా యంత్రం దగ్గర శత్రువులే.

వరుసలో మొదటి చోటు చేనుదే

ఇంత నడిచాక తెలిసే అసలు సంగతి ఒకటుంది. ఈ పొడవాటి వరుస మిల్లు గేటు దగ్గర మొదలు కాదు. పత్తి ఏరే చేను దగ్గర మొదలవుతుంది.

పూర్వం బేలు విడదీసే మనిషి దూదిలో గుట్కా కవరు ముక్క కనబడితే తీసి పారేసేవాడు. ఇప్పుడు అక్కడ మనిషి లేడు. యూరియా సంచి పోగు, వెంట్రుక, గోనె పీచు, రంగు దారం దూదితో పాటు గొట్టంలోకి పోతాయి. పళ్ళ రోలర్లు వాటిని వంద ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు నూలులో కలిస్తే బట్టకు రంగు అద్దినప్పుడు మచ్చలుగా తేలతాయి. ప్లాస్టిక్ పోగుకు రంగు పట్టదు. వాటిని పట్టడానికి మిల్లులు కెమెరాలు పెడుతున్నాయి. కెమెరా చెత్తను చూసిన చోట గాలి ఊది పక్కకు తోస్తుంది, దానితో పాటు మంచి దూదీ కొంత పోతుంది. ఆ నష్టం అంతా తిరిగి తిరిగి పత్తి ధరలోనే పడుతుంది.

తేమ సంగతీ అంతే. తడి పత్తి గాలి గొట్టంలో ముద్దలు కట్టి వరుసను ఆపుతుంది. జిన్నులో గింజ నలిగి ముక్కలు దూదిలో కలుస్తాయి. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకే పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం దాకా శాతానికింత చొప్పున కోత పెడుతుంది. 12 దాటితే కొనదు. ఎనుమాముల మార్కెట్‌కైనా, పక్కనున్న జిన్నింగ్ మిల్లుకైనా పత్తి తీసుకుపోయిన రైతు తేమ యంత్రం అంకె చూసి గొడవపడటం ప్రతి ఏటా ఉన్నదే. ఆ అంకె వెనుక గొట్టంలో కట్టే ముద్ద ఉంది.

కాబట్టి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మంచు ఆరాక పత్తి ఏరాలి. ఏరేవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకోవాలి. ప్లాస్టిక్ సంచులు కాకుండా నూలు బట్ట సంచుల్లో నింపాలి. పురుగు తిన్న కాయ పత్తిని, చివరి ఏరుడు పత్తిని మంచి పత్తిలో కలపరాదు. బరువు కోసం నీళ్ళు చల్లరాదు. ఇంట్లో పోసినప్పుడు కోళ్ళు, మేకలు తిరగని చోట, కింద శుభ్రమైన గుడ్డ పరిచి పోయాలి. ఇవి ఖర్చు లేని పనులు. కానీ ఏరే కూలీకి కిలోకింత అని ఇచ్చే చోట శుభ్రంగా ఏరితే ఆమెకు కూలి తగ్గుతుంది. శుభ్రమైన పత్తి కావాలంటే ఆ తేడా రైతు ఆమెకు ఇవ్వాలి. రైతుకు మార్కెట్ ఇవ్వాలి. ఇది తేలనంత కాలం చేనులో యూరియా సంచే కనబడుతుంది.

స్లాబు పోసే చోట నిచ్చెన మీది వరుస పోయింది. మిల్లులో గంపల వరుస పోయింది. పత్తి చేనులో మాత్రం ఇప్పటికీ కాయ కాయకూ వంగి ఏరేది మనిషి చేయే. ఏరే యంత్రాలు అమెరికాలో దశాబ్దాల నుంచి ఉన్నా, మన చిన్న కమతాల్లో, ఒకేసారి పగలని కాయల మధ్య అవి ఇంకా కుదురుకోలేదు. కోట్ల ఖరీదైన వరుస అంతా ఆ చేతి శుభ్రం మీదే నడుస్తోంది. ఆ చేతికి దక్కేది మాత్రం వరుస మొత్తంలో అన్నిటికన్నా తక్కువ.